క్లబ్‌హౌస్ సంగతి తర్వాత, ముందు సెల్లార్ ప్లాన్ చూడండి

[స్క్రీన్ మీద: బ్రోచర్‌లోని స్విమ్మింగ్ పూల్ బొమ్మ పక్కకు జరిగి సైట్ ప్లాన్ వస్తుంది]

హైదరాబాద్ శివార్లలో తెల్లాపూర్ వైపో నార్సింగి వైపో ఫ్లాట్ చూడ్డానికి వెళ్తే మొదట చూపించేది క్లబ్‌హౌసే. జిమ్, పూల్, మినీ థియేటర్. ఉండనివ్వండి. గేటెడ్ కమ్యూనిటీలో బతుకు ఎలా ఉంటుందో మాత్రం వేరేచోట తేలుతుంది. కార్లు ఎటు పోతున్నాయి, మనుషులు ఎక్కడ నడుస్తున్నారు?

[యానిమేషన్: గేటు, ర్యాంపు, కిందికి దిగే కార్లు]

మంచి ప్లాన్‌లో కారు గేటు దాటగానే ర్యాంపు మీంచి సెల్లార్‌లోకి, అంటే నేల కింది పార్కింగ్‌లోకి దిగిపోతుంది. పైన బిల్డింగ్ చుట్టూ ఫైరింజన్ తిరగడానికి జాగా ఎలాగూ వదలాలి. తెలంగాణ నిబంధనల ప్రకారం హైరైజ్‌కు, అంటే బాగా ఎత్తైన బిల్డింగ్‌కు, అది కనీసం 7 మీటర్లు, ఎత్తును బట్టి పెరుగుతుంది. రోజూ కార్లు తిరగకపోతే పొద్దున పెద్దవాళ్ల వాకింగ్, సాయంత్రం పిల్లల సైకిళ్లు అక్కడే. విజిటర్ పార్కింగ్‌ను తెచ్చి అందులోనే పెట్టారా, ఇక అంతే సంగతులు.

[స్క్రీన్ మీద: సెల్లార్ స్లాబ్, పైన మట్టి, లాన్: అడ్డకోత బొమ్మ]

ఇక పచ్చదనం. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ జీవో 168, ఒకే సైట్‌లో చాలా బిల్డింగ్‌లు కట్టే గ్రూప్ డెవలప్‌మెంట్‌లో కనీసం 10 శాతం జాగా టాట్‌లాట్‌కూ (చిన్నపిల్లల ఆటస్థలం) మొక్కలకూ వదలమంటుంది. అది అసలు నేల మీదా, సెల్లార్ స్లాబ్ మీదా? సేల్స్ వాళ్లు తమంతట తాము చెప్పరు. మీటరు మందం తడి మట్టి చదరపు మీటరుకు దాదాపు 1.8 టన్నులు తూగుతుంది. ఆ బరువు మోసే స్లాబ్‌కు ఖర్చెక్కువ. అందుకే చాలాచోట్ల పలచగా మట్టి పోసి లాన్ పరిచేస్తారు. అందులో వేప, కానుగ వేరూనుకోవు. మే నెలలో లాన్ నీడ ఇవ్వదు, పైగా ట్యాంకర్ నీళ్లు తాగుతుంది. వాన నీళ్లూ భూమిలోకి ఇంకకుండా డ్రైన్‌లోకి పోతాయి. సెల్లార్ తవ్వకుండా ఒక పక్క నేల వదిలితే చెట్లకూ, ఇంకుడు గుంతకూ చోటుంటుంది.

మీరు చూస్తున్న సైట్‌లో బతుకమ్మ ఆడటానికి చదునైన జాగా ఎక్కడుంది? వినాయకుడి మండపం ఎక్కడ? బ్రోచర్‌లో ఆ పేర్లు కనిపించవు కానీ, ఏడాదిలో అందరూ ఒకచోట చేరేది అక్కడే. స్పీకర్లు ఎవరి బెడ్‌రూమ్ వైపు తిరిగి ఉంటాయో కూడా చూసుకోండి.

[స్క్రీన్ మీద: మెయింటెనెన్స్ బిల్లు]

పూల్‌లో ఎవరు దిగినా దిగకపోయినా ఫిల్టర్ తిరుగుతుంది, కరెంటు బిల్లు వస్తుంది. అదే క్లబ్‌హౌస్ ఖర్చు వెయ్యి ఫ్లాట్లు పంచుకోవడం వేరు, 150 ఫ్లాట్లు పంచుకోవడం వేరు. అసోసియేషన్ వార్షిక వసూళ్లు 20 లక్షలు దాటి, మెయింటెనెన్స్ ఒక్కో ఫ్లాట్‌కు నెలకు 7,500 రూపాయలు మించితే 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది.

రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ప్రాజెక్టు పేరుతో వెతికి ప్లాన్లు తెరవండి. సెల్లార్ గీత సైట్ అంచుల దాకా పాకిందేమో చూడండి.