స్పేర్ ఇంజన్ స్టోరేజ్ కిట్: ఒక వానాకాలం వాడినంక నా మాట

నమస్తే. ముందుగాల, పక్కకు పెట్టిన ఇంజన్‌ల తేమ పట్టుకునే ఈ మూడు ప్లగ్గులు చూడండి, కెమెరా జర దగ్గరికి తెస్త. ఒకటో సిలిండర్‌ది నీలం, మూడోది నీలం. నడిమిట్లది గులాబీ రంగుకు తిరిగింది. ఈ వీడియోల ఎక్కువ మాట దాని గురించే.

ఈ కిట్ కంపెనీవాళ్లు ఫ్రీగా పంపిన్రు, పైసలు ఏం ఇయ్యలేదు. డబ్బాల ముఖ్యంగ ఈ ప్లగ్గులు, సిలిండర్ గోడకు ఆయిల్ పొర పట్టించే ఫాగింగ్ ఆయిల్ స్ప్రే, ఇంజన్ మీద తొడిగే కవర్ ఉంటయి. జూన్ల వానలు పడకముందు బిగించిన, ఇప్పుడు అక్టోబర్. నాచారంల మా రేకుల షెడ్డుల, మారుతి 800 ఇంజన్‌కు. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆ కారు తయారీ 2014ల ఆగిపోయింది గానీ మా నాయిన బండి ఇంకా రోజూ తిరుగుతనే ఉన్నది. అందుకే మంచి ఇంజన్ ఒకటి దొరికితే పక్కకు పెట్టుకున్నం.

దీనికి ముందు ఇంకో ఇంజన్ ఉండే. గోనెసంచి చుట్టి, మీద తాడిపత్రి కప్పి పెట్టిన. స్పార్క్ ప్లగ్గు రంధ్రాలల్ల ఇంత ఇంజన్ ఆయిల్ పోస్తే చాలని ఒక మెకానిక్ అన్నడు, పోసిన. రెండు వానాకాలాలు పోయినంక పానా పెట్టి తిప్పితే క్రాంక్, అంటే పిస్టన్లను ఆడించే ఇరుసు, కదల్లే. హెడ్ ఇప్పి చూస్తే ఒక సిలిండర్ల పిస్టన్ రింగులు బోరుకు, అంటే సిలిండర్ లోపలి గోడకు పట్టేసినయి, పిస్టన్ చుట్టూ ఎర్రటి తుప్పు గీత. పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ పోర్టుల కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టి ఉన్నది. మా నాయిన ఒక్క మాట అనలే. స్క్రూడ్రైవర్‌తోని ఆ గూడు మెల్లగ గీకుకుంట కూసున్నడు. అది నాకు ఇప్పటికీ కండ్ల ముందట్నే ఉన్నది.

ఇంజన్ ఎక్కడ ఆపినా ఏదో ఒక సిలిండర్‌కు వాల్వ్ తెరిచే ఉంటది. పగలు రేకుల వేడికి లోపలి గాలి ఉబ్బి బయటికి పోతది, రాత్రి చల్లబడితే తడిగాలిని లోపలికి గుంజుకుంటది. గాలిల తేమ 60 శాతం దాటితే ఇనుముకు తుప్పు జల్ది పడతది. మన వానాకాలంల అంతకంటే ఎక్కువనే ఉంటది. పోసిన ఆయిల్ కిందికి జారిపోతది, బోరు పైగోడ ఉత్తగ మిగులుతది. గోనెసంచి అయితే పీల్చిన తడిని ఇంజన్‌కే ఆనిచ్చి పెడతది.

ఇగ ఈ ప్లగ్గులు. స్పార్క్ ప్లగ్ తీసి ఆ 14 ఎంఎం థ్రెడ్‌ల చేత్తోని తిప్పి బిగించుడే. పారదర్శకంగ ఉంటయి, లోపల సిలికా జెల్ గింజలు. పొడిగ ఉంటే నీలం, తేమ పట్టుకుంటే గులాబీ. విమానాల పిస్టన్ ఇంజన్లకు కూడ ఇసొంటియే వాడతరు. నేను మునుపు చెప్పుల డబ్బాలల్ల వచ్చే తెల్ల పొట్లాలు పోర్టులల్ల దోపి పెట్టేది. అవి నిండినయా లేవా అని ఎట్ల తెలుస్తది? ఈ ప్లగ్గులల్ల అయితే ఇంజన్ ఇప్పకుండనే లోపలి సంగతి కనబడుతున్నది!

ఆగస్టుల రెండో నంబర్ రంగు మారుడు మొదలయింది. ఎందుకా అని వెతికితే, ఆ సిలిండర్‌కు గాలి లోపలికి వచ్చే ఇన్‌టేక్ పోర్టు మీద నేను వేసిన టేప్ ఒక మూల లేచి ఉన్నది. కింద ఆయిల్ జిడ్డు ఉండంగ వేసిన. పెట్రోల్‌తోని తుడిచి, రబ్బరు షీటు కోసి బోల్టులతోని బిగించిన. పోర్టులకు మూతలు కిట్‌ల ఇయ్యాల్సింది. అవి లేకుంటే ప్లగ్గుల కష్టం సగం వృథా.

ఫాగింగ్ ఆయిల్ స్ప్రే మంచిగనే ఉంది. ప్లగ్గు రంధ్రంల కొట్టి, పానాతోని క్రాంక్ రెండు చుట్లు తిప్పి, మళ్ల కొట్టి వదిలేయాలె. తర్వాత ఊకె తిప్పొద్దు, గోడ మీది ఆయిల్ పొర చెదిరిపోతది.

నాకు కోపం తెచ్చింది తుప్పు పట్టకుండ వేసే ఆ వీసీఐ కవర్. అది మూసిన జాగలనే పని చేస్తది, కవర్‌కెళ్లి వచ్చే తుప్పును ఆపే ఆవిరి లోపల నిండాలె. దీని జిప్పు ఆల్టర్నేటర్ ఉంటే పడదు, ఇన్‌టేక్ మానిఫోల్డ్ ఉన్నా పడదు. రెండూ ఇప్పినంక కూడ ఒక బెత్తెడు తెరిచే ఉన్నది. పైనుంచి కవర్ రంగు నీలం! బయటినుంచి గింజలు ఏ రంగుల ఉన్నయో ఎట్ల కనబడాలె? చేసినోళ్లు ఒక్క ఇంజన్ మీద తొడిగి చూసినా తెలుస్తుండె. నేను తీసి పక్కన పడేసిన.

కాబట్టి ప్లగ్గులు విడిగ దొరికితే కండ్లు మూసుకొని కొనండి. పూర్తి కిట్‌కు మాత్రం పైసలు పెట్టకండి. బిగించినంక, "స్టార్ట్ చేసే ముందు తీయాలె" అని ఎర్ర చీటీ రాసి క్రాంక్ పుల్లీకి కట్టండి.

గులాబీ గింజలు పారేయకండి. ప్లాస్టిక్ ప్లగ్గులకెళ్లి బయటికి తీసి 120 డిగ్రీల దగ్గర వేడి చేస్తే మళ్ల నీలం అయితయి. ఆ నీలం రంగు కోబాల్ట్ క్లోరైడ్‌ది, విషం. వంటింటి గిన్నెలు అస్సలు వాడొద్దు. నా గింజలు రెండు గంటలల్ల రంగుకొచ్చినయి, పళ్లెంల చల్లారుతున్నయి. పోయి రెండో నంబర్ బిగిస్త.