గుర్రుమన్నందుకు కొట్టకండి

వేదిక మీది పెద్దలకు, పొద్దున్నే కుక్కల్ని తీసుకుని వచ్చిన మీ అందరికీ నమస్కారం. పేరుపేరునా పలకరిస్తే నాకిచ్చిన పది నిమిషాలూ దానికే సరిపోతాయి, మన్నించండి.

ఈరోజు సెప్టెంబరు 28, ప్రపంచ రేబిస్ దినం. రేబిస్‌కు టీకా తయారుచేసిన లూయీ పాశ్చర్ 1895లో ఇదే రోజున కన్నుమూశారు. కుక్కపిల్లకు మూడు నెలలు నిండగానే ఆ టీకా వేయించండి. తర్వాత డాక్టరుగారు చెప్పిన గడువు దాటనివ్వకండి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బుతో, ధారగా పడే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, ఆరోజే ఆసుపత్రికి వెళ్లండి. కార్యదర్శిగారు నన్ను చెప్పమన్నది ఇదే. రాసుకొచ్చిన కాగితం ఇంకా ఉంది కానీ పక్కన పెడుతున్నాను. నేను మా రాజా గురించి చెప్పాలి.

రాజా నాటు కుక్క. ఓ వానాకాలం మా గేటు పక్కన తడిసి ముద్దయి దొరికాడు. మా వారు పోయిన ఏడాదంతా నా మంచం కింద వాడే పడుకున్నాడు. వాడికి పదకొండేళ్లు వచ్చాక, మనవడు అడిగాడని రెండు నెలల కుక్కపిల్ల చిట్టిని తెచ్చాం. తెచ్చి ఏం చేశాను? రాజా పడుకునే గోనెపట్టా మీదే, వాడి ముక్కు ముందే దించాను. చుట్టూ అందరం ఫోన్లు పట్టుకుని నిలబడ్డాం. వాడు గుర్రుమన్నాడు. పేపరు చుట్టి ఒక్కటి వేశాను.

పది రోజులు అంతే. వాడు గుర్రుమనడం, నేను కొట్టడం. తర్వాత గుర్రుమనడం మానేశాడు. అలవాటు పడ్డాడని మా అమ్మాయికి ఫోన్ చేసి మరీ చెప్పాను. ఆ మర్నాడే చప్పుడు లేకుండా చిట్టి చెవి కొరికేశాడు. నాలుగు కుట్లు పడ్డాయి.

అమ్మా, దూరంగా ఉండమని చెప్పడానికి కుక్కకు ఉన్న మాట ఆ గుర్రు. ఆ మాట అన్నప్పుడల్లా దెబ్బ పడితే, ఇక అనదు. చిరాకు మాత్రం లోపలే ఉంటుంది. పైగా ఆ పిల్ల దగ్గరికొస్తే తనకు దెబ్బలు పడతాయని కూడా నేర్చుకుంటుంది. ఇది వాడికి నేర్పింది నేనే.

ఇంట్లో అందరూ వాడిని ఎవరికైనా ఇచ్చేయమన్నారు. తీసుకెళ్లిన మొదటి ఆసుపత్రిలో వాడి మీద చెయ్యి కూడా వెయ్యకుండా, ముసలిదైపోయింది, వదిలించుకోండి అన్నారు. ఆ మాట ఇప్పటికీ మరిచిపోలేను. ఇంకో డాక్టరుగారు వెనక కాళ్లు మెల్లగా వంచి చూస్తే కుయ్యోమన్నాడు. ఎక్స్‌రే తీశారు. తుంటి కీళ్లు అరిగిపోయాయి. చిట్టి రోజూ ఎగిరి దూకేది సరిగ్గా ఆ నడుము మీదే! నొప్పిగా ఉందని వాడు చెబుతుంటే నేను కొట్టాను. మహాభారతంలోని సరమ కథ మీకందరికీ తెలుసు కదా. తప్పు చేయని తన బిడ్డను ఎందుకు కొట్టారని ఒక తల్లి కుక్క రాజుగారినే నిలదీసింది. మా రాజా తరఫున అడగడానికి ఎవరూ లేరు.

ఇక్కడ ఎంతమంది ఇళ్లల్లో కొత్త పిల్ల సోఫా మీద, పాత కుక్క మెట్ల కింద ఉన్నాయి? చేతులెత్తమని అడగను. ఇంటికెళ్లాక ఒక్కసారి చూడండి.

తర్వాత మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాం. నొప్పికి డాక్టరు రాసిన మందే వేశాం. మనం వేసుకునే నొప్పి మాత్రలు కుక్కకు ఎప్పుడూ వేయకండి, ప్రాణం మీదికి వస్తుంది. వారం రోజులు రెండింటినీ వేరే గదుల్లో ఉంచి, దాని గుడ్డ వీడి దగ్గర, వీడి గుడ్డ దాని దగ్గర వేశాం. ముందు వాసన అలవాటు కావాలి. తర్వాత డాబా మీదికి తీసుకెళ్లాం. అది రాజా తనదనుకునే చోటు కాదు. వీధిలోకి ఎందుకు కాదంటే, చిట్టికి టీకాలు పూర్తికాలేదు, కుక్కపిల్లల ప్రాణాలు తీసే పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది. ఎదురెదురుగా నిలబెట్టకుండా, బెల్టులు పట్టుకుని ఇద్దరినీ పక్కపక్కన నడిపించాం. అయిదు నిమిషాలు, అంతే.

అన్నం వేరువేరు గదుల్లో, ముందు రాజాకే. వాడి గది గుమ్మానికి అడ్డంగా చెక్క పెట్టాం, చిట్టి దాటలేనంత ఎత్తు. గుర్రుమంటే "సరే నాన్నా" అని చిట్టినే ఎత్తి పక్కకు తీసుకెళ్లాను. సాయంత్రం షికారు వాడితో నేనొక్కదాన్నే.

రెండు నెలలు పట్టింది. ఓ కార్తీకమాసం తెల్లవారుజామున దీపం పెట్టడానికి లేచి చూస్తే, చిట్టి చెక్క పక్కనుంచి దూరి వచ్చి వాడి వీపుకు ఆనుకుని పడుకుంది. వాడు కళ్లు తెరిచి నన్ను చూసి మళ్లీ మూసుకున్నాడు. ఇప్పటికీ వాడు పెదవి ఎత్తితే చాలు, చిట్టి మూరెడు దూరంలో ఆగిపోతుంది. అది నేను నేర్పింది కాదు, వాడే నేర్పుకున్నాడు.

రాజాకి ఇప్పుడు పదమూడేళ్లు. అదిగో, ఆ వేపచెట్టు కింద పడుకున్నాడు.

డాక్టరుగారు సిద్ధంగా ఉన్నారు, ఎండ కూడా ముదురుతోంది. ముసలి కుక్కల్ని తెచ్చినవాళ్లు వరుసలో నిలబడక్కర్లేదు, నేరుగా బల్ల దగ్గరికి రండి. కుక్కపిల్లల్ని ఎత్తుకున్నవాళ్లు కింద దించకుండా, కొంచెం పక్కకు జరిగి వాటికి దారివ్వండి.