40 రొయ్యల చెరువుల డేటాకి బొమ్మ గీస్తే: డీబీస్కీమా, క్లిక్‌హౌస్ కలిపి రివ్యూ

నమస్కారం అండీ. భీమవరం నుంచి మాట్లాడుతున్నాను. డేటాబేస్‌లోని టేబుళ్లని బొమ్మగా చూపించే డీబీస్కీమా అనే డిజైన్ టూల్‌ని క్లిక్‌హౌస్ డేటాబేస్‌కి కలిపి మూడు వారాలు వాడాను. ఎక్కడ బాగుందో, ఎక్కడ జాగ్రత్తగా ఉండాలో ఈ వీడియోలో చెబుతాను.

ముందు డేటా సంగతి. ఉండి అనే ఊరి దగ్గర మా బావగారివి, ఆయన పక్క రైతులవి కలిపి 40 రొయ్యల చెరువులు. ప్రతి చెరువులోనూ ఒక సెన్సార్ పది నిమిషాలకోసారి డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్), పీహెచ్, ఉష్ణోగ్రత పంపుతుంది. రోజుకి 5,760 రీడింగులు. ఎక్సెల్ షీట్‌లో పట్టేది 10,48,576 వరుసలే, అంటే ఆరు నెలలకే నిండిపోతుంది. అందుకే క్లిక్‌హౌస్. 2016లో ఓపెన్ సోర్స్ అయిన డేటాబేస్ ఇది. డేటాని కాలమ్ వారీగా దాస్తుంది కాబట్టి, పంట మొత్తానికి డీఓ సగటు అడిగితే ఆ లెక్కకి కావలసిన కాలమ్‌లే చదివి జవాబిస్తుంది.

ఇక కనెక్షన్. డీబీస్కీమా జేడీబీసీ డ్రైవర్ ద్వారా, అంటే టూల్‌ని డేటాబేస్‌కి కలిపే చిన్న ప్రోగ్రామ్ ద్వారా, డేటాబేస్‌తో మాట్లాడుతుంది. డేటాబేస్ పేరు ఎంచుకుంటే డ్రైవర్‌ని అదే దింపుకుంటుంది. చెరువు గట్టు మీద షెడ్‌లో నెట్ సరిగా రాదనుకుంటే ఈ పని ఇంటి దగ్గరే పూర్తి చేసుకుని వెళ్లండి.

పోర్ట్, అంటే సర్వర్ ఏ నంబర్ మీద కనెక్షన్ తీసుకుంటుందో, అక్కడ మాత్రం ఆగి చూసుకోండి. నేను 9000 ఇచ్చాను, కనెక్ట్ కాలేదు. అది క్లిక్‌హౌస్ సొంత క్లయింట్ వాడే పోర్ట్. జేడీబీసీ డ్రైవర్ హెచ్‌టీటీపీ మీద నడుస్తుంది, దానికి 8123 ఇవ్వాలి. భద్రత కోసం ఎస్‌ఎస్‌ఎల్ పెట్టుకుంటే మామూలుగా 8443. ఇంకో సంగతి, సర్వర్ వేరే కంప్యూటర్‌లో ఉంటే పోర్ట్ సరిగ్గా ఇచ్చినా కనెక్ట్ కాకపోవచ్చు. ఇన్‌స్టాల్ చేసిన కొత్తలో క్లిక్‌హౌస్ తన సొంత మెషీన్ నుంచి వచ్చే కనెక్షన్లే తీసుకుంటుంది. కాన్ఫిగ్‌లో లిజన్ హోస్ట్ మార్చాలి.

కనెక్ట్ అయ్యాక చెరువులు, రీడింగులు, మేత, పట్టుబడి, నాలుగు టేబుళ్లూ తెరమీదకి వచ్చాయి. కానీ వాటి మధ్య ఒక్క గీత లేదు. డ్రైవర్ పాడైందేమో అని టెన్షన్ పడకండి. ఒక టేబుల్‌ని ఇంకో టేబుల్‌కి ముడిపెట్టేవి ఫారిన్ కీలు, క్లిక్‌హౌస్‌లో అవి లేవు, లేనిదాన్ని డ్రైవర్ ఎక్కడి నుంచి తెస్తుంది? డీబీస్కీమాలో వర్చువల్ ఫారిన్ కీలు ఉన్నాయి. రీడింగులలోని చెరువు నంబర్‌ని చెరువుల టేబుల్ మీదకి లాగి వదిలితే గీత పడుతుంది. ఆ గీత మోడల్ ఫైల్‌లోనే ఉంటుంది, డేటాబేస్‌ని ముట్టుకోదు. నాకు ఈ టూల్‌లో అన్నిటికంటే నచ్చింది ఇదే. ఆ బొమ్మ చూపించగానే మా బావగారు, "మరి సీడ్ ఏ హేచరీ నుంచి వచ్చిందో ఎక్కడ రాస్తావు?" అన్నారు. నిజమే, ఆ టేబుల్ నేను పెట్టనే లేదు. టేబుళ్ల పేర్లు జాబితాగా చదివి వినిపించి ఉంటే ఆ ప్రశ్న వచ్చేది కాదు.

ప్రైమరీ కీ, అంటే మామూలుగా ఒక్కో వరుసని గుర్తుపట్టే కాలమ్, ఆ విషయంలో మాత్రం బొమ్మని నమ్మి ఊరుకోవద్దు. క్లిక్‌హౌస్‌లో ప్రైమరీ కీ ఉన్నా అదే వరుస రెండోసారి రావడాన్ని ఆపదు. నెట్ పోయి తిరిగొచ్చినప్పుడు మా సెన్సార్ పాత రీడింగులు మళ్లీ పంపుతుంది, అవీ చేరిపోతాయి. టేబుల్‌కి రీప్లేసింగ్ మెర్జ్‌ట్రీ అనే ఇంజిన్ (డేటాని దాచే పద్ధతి) వాడితే డూప్లికేట్లు పోతాయి, కానీ ఎప్పుడు పోతాయో మన చేతిలో లేదు. క్వెరీలో ఫైనల్ అని రాస్తే ఆ జవాబు వరకు కచ్చితంగా వస్తుంది.

అసలు పెద్ద పొరపాటు సమయంలో దొరికింది. డీఓ రాత్రి పదిన్నరకి బాగా పడిపోతున్నట్టు రిపోర్ట్ వచ్చింది. మా బావగారు చూసి, "పదిన్నరకి ఎందుకు పడుతుంది? తెల్లవారుజామున నాలుగుకి కదా ఎరేటర్లన్నీ వేసేది" అన్నారు. నీటిలోకి గాలి కలిపే యంత్రాలవి. ఆయన మాటే నిజం. సర్వర్ యూటీసీలో ఉంది, అంటే మన టైమ్ కంటే ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో, మన నాలుగు గంటలు దానికి ముందురోజు రాత్రి 10:30. డేట్‌టైమ్ కాలమ్‌కి ఏషియా/కోల్‌కతా టైమ్‌జోన్ ఇచ్చాక సరిపోయింది. ఎర్రర్ ఏమీ రాకుండా తప్పు లెక్క ఇచ్చే సమస్య ఇది. మొదటి రోజే ఒక తెలిసిన రీడింగ్ తీసుకుని, చెరువు దగ్గర ఉన్న మనిషిని అడిగి సరిచూసుకోండి.

ఈ టూల్ మార్పులని డేటాబేస్‌లోకి కూడా పంపగలదు కాబట్టి, బొమ్మలకోసమే అయితే సెలెక్ట్ అనుమతి (డేటా చదవడానికి) మాత్రమే ఉన్న యూజర్‌తో కనెక్ట్ అవ్వండి.

ఒకరిద్దరు చూసుకునే చిన్న డేటాకి ఇంత అవసరం లేదండీ. మా వాళ్లలా నలుగురైదుగురు రైతులు ఒకే డేటా పంచుకుంటుంటే మాత్రం తప్పకుండా వాడమంటాను. ఉచిత కమ్యూనిటీ ఎడిషన్‌తో మొదలుపెట్టండి. మేము హేచరీ టేబుల్ కలిపాక ఆ బొమ్మ ప్రింట్ తీసి షెడ్‌లో అంటించాం. పట్టుబడి రోజున దాని ముందే నిలబడి కౌంట్లు రాసుకుంటున్నారు.