ఫ్లెబాటమీ కోర్సు: ఫీజు కట్టి చేరాలా, స్టైపెండ్ తీసుకుంటూ నేర్చుకోవాలా? | హనుమకొండ రివ్యూ

నమస్తే అందరికీ. హనుమకొండ చౌరస్తాలో బస్సు దిగితే చాలు, కరెంటు స్తంభం మీద, గోడ మీద, ఆటో వెనకాల ఒకటే పాంప్లెట్: "ఇంటర్ పాసయ్యారా? మూడు నెలల్లో ఫ్లెబాటమిస్ట్! వంద శాతం ప్లేస్‌మెంట్!" దాని ఫొటో తీసి "అక్కా, చేరొచ్చా?" అని పంపేవాళ్లు రోజూ ఉంటున్నారు. నర్సంపేట, పరకాల, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి. ఎక్కువమంది బైపీసీ పిల్లలే. నీట్‌లో సీటు రాలేదు, నర్సింగ్‌కు ఇంట్లో అంత డబ్బు లేదు, ఖాళీగా కూర్చోబుద్ధి కావట్లేదు. ఈ వీడియో వాళ్ల కోసం.

నేను డీఎంఎల్‌టీ, అంటే ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చేసి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. కొత్తగా చేరినవాళ్లకు శాంపిల్ తీయడం నేర్పే పని కూడా నా మీదే పడుతుంది. అంటే ఈ కోర్సుల నుంచి బయటికొచ్చిన పిల్లల చేతులు ఎలా ఉన్నాయో మొదట చూసేది నేనే. ఇన్‌స్టిట్యూట్ పేరు చెప్పను, కామెంట్లలో కూడా అడగొద్దు. స్పాన్సర్ ఎవరూ లేరు.

ముందు పని ఏంటో తెలుసుకోండి. ఫ్లెబాటమిస్ట్ రక్తం తీస్తాడు, సరైన ట్యూబులో నింపుతాడు, లేబుల్ అతికించి ల్యాబ్‌కు పంపుతాడు. టెస్ట్ చేయడం, రిపోర్ట్ ఇవ్వడం అతని పని కాదు. "సూది గుచ్చడమే కదా, దానికి మూడు నెలలెందుకు" అని మా ఇంట్లోవాళ్లే అంటారు. గుచ్చడం సగం పని. మిగతా సగంలో పొరపాటు జరిగితే ఆ సమయానికి ఎవరికీ తెలియదు, సాయంత్రం రిపోర్టులో బయటపడుతుంది.

ఉదాహరణకు పర్పుల్ మూత ట్యూబ్. బ్లడ్ కౌంట్ కోసం వాడతాం. రక్తం గడ్డకట్టకుండా అందులో పొటాషియం ఉన్న ఈడీటీఏ ఉప్పు ఉంటుంది. కొత్త పిల్లవాడు ముందు పర్పుల్ నింపేస్తాడు, ఎర్ర మూత ట్యూబులో రక్తం తక్కువైందని పర్పుల్‌లోది కొంచెం అందులోకి వంచేస్తాడు. అంతే. రిపోర్టులో పొటాషియం ఆకాశంలో, కాల్షియం పాతాళంలో. పేషెంట్ ఇంట్లో హాయిగా టీ తాగుతుంటాడు, డాక్టర్ మాత్రం గుండె ఆగిపోతుందేమోనని ఫోన్ చేస్తాడు. అందుకే ఒక ట్యూబులోని మందు సూది ద్వారా కూడా ఇంకోదాంట్లో కలవకుండా ట్యూబులకు ఒక వరుస పెట్టారు: లేత నీలం, తర్వాత ఎరుపు లేదా పసుపు, ఆకుపచ్చ, పర్పుల్, చివర గ్రే. రక్తం ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూసే లేత నీలం ట్యూబ్‌ను గీత వరకు నింపాలి, తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ (గడ్డకట్టనివ్వని ద్రవం) అన్నది లెక్క. తక్కువ నింపితే రక్తం ఆలస్యంగా గడ్డకడుతున్నట్టు తప్పుడు రిపోర్ట్ వస్తుంది. రక్తం పలచబడే మందు వాడే గుండె పేషెంట్‌కు ఆ నంబర్ చూసే డోసు మారుస్తారు.

గ్రే ట్యూబ్ సంగతి మన దగ్గర ఇంకా ముఖ్యం. నర్సంపేటలో పొద్దున్నే ఫాస్టింగ్ శాంపిల్ తీసి, హనుమకొండ ల్యాబ్‌కు చేరేసరికి రెండు గంటలు దాటుతుంది. మామూలు ట్యూబులో ఉంచితే రక్తకణాలే షుగర్‌ను తినేస్తాయి, గంటకు 5 నుంచి 7 శాతం వరకు పడిపోతుంది. గ్రే ట్యూబులోని ఫ్లోరైడ్ దాన్ని చాలావరకు ఆపుతుంది. కోర్సులో ఈ 'ఎందుకు' చెప్పారా లేదా అన్నది నేను మొదట చూసే విషయం.

ఇక అసలు రివ్యూ. మా ఆడబిడ్డ కూతురు అలాంటి ఒక కోర్సులో చేరింది. ఫీజు 25 వేలు, యూనిఫాం, రికార్డు పుస్తకం వేరు. థియరీ బాగానే చెప్పారు, అన్యాయంగా మాట్లాడను. ట్యూబుల రంగులు, చేతుల శుభ్రత, వాడిన సూదిని తెల్లటి గట్టి డబ్బాలోనే వేయాలన్న బయోమెడికల్ వ్యర్థాల రూల్, అన్నీ నోట్సులో ఉన్నాయి. ఆ మేడమ్‌కు విషయం తెలుసు.

ప్రాక్టికల్ దగ్గరే కథ మారింది. డెమో రోజు నేను కూడా వెంట వెళ్లాను కాబట్టి ప్రాక్టీసుకు పెట్టిన రబ్బరు చెయ్యి చూశాను. మోచేతి మడత దగ్గర ఒకేచోట గుచ్చీ గుచ్చీ చిన్న గుంట పడింది, దాని చుట్టూ ఎర్ర రంగు నీళ్లు ఊరి జిగటగా అంటుకుంటున్నాయి. ఎక్కడ గుచ్చాలో ఆ గుంటే చెబుతుంది. దాంతో బ్యాచ్ మొత్తం మొదటిసారికే పాస్! నిజం చేతికి గుంట ఉండదు కదమ్మా. చివరి నెల "హాస్పిటల్ పోస్టింగ్" అన్నారు. అక్కడ పిల్లలు ఫైళ్లు మోశారు, ట్యూబులకు స్టిక్కర్లు అతికించారు, దూరం నుంచి చూశారు. సూది పట్టుకున్నది ఒకరి చేతికి ఒకరు గుచ్చుకున్నప్పుడే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక మా ల్యాబ్‌కు తీసుకొచ్చి నా చెయ్యే ఇచ్చాను. మోచేతి పైన రబ్బరు కట్టు బిగించింది, వంగి కళ్లు చిట్లించి చూస్తోంది.

"అత్తమ్మా, నరం కనిపిస్తలేదు."

"కనిపించక్కర్లేదు బిడ్డా. వేలు పెట్టి చూడు."

అదే వాళ్లకు నేర్పలేదు. చూపుడు వేలితో నొక్కితే నరం స్పాంజిలా లోపలికి పోయి మళ్లీ పైకి లేవాలి. గట్టిగా తాడులా తగిలితే కండరాన్ని ఎముకకు కలిపే టెండన్. కొట్టుకుంటుంటే ధమని, దాని జోలికి పోవద్దు. మోచేతి మడత మధ్యలో ఉండే మీడియన్ క్యూబిటల్ నరం మొదటి ఎంపిక, ఎందుకంటే అది పెద్దగా కదలదు. లోపలివైపు ఉండే బాసిలిక్ చివరి ఎంపిక, దాని పక్కనే ధమని, నాడి (నర్వ్) ఉంటాయి. కట్టు ఒక నిమిషం దాటి ఉంచొద్దు. సూది 15 నుంచి 30 డిగ్రీల వాలులో పోవాలి. బయటికి తీసేముందు కట్టు విప్పాలి. మన దగ్గర అందరూ చేసేది ఇంకోటుంది: దూది పెట్టి "చెయ్యి మడవండి" అంటారు. మడవొద్దు. చెయ్యి చాపి ఉంచి, వేలితో గట్టిగా ఒత్తి పట్టుకోమనాలి. మడిస్తే లోపల రక్తం చేరి మర్నాటికి నల్లగా కములుతుంది. ఆ మచ్చ చూసి పేషెంట్ తిట్టేది ల్యాబ్‌ను.

కాబట్టి ఆ కోర్సుకు నా రేటింగ్: థియరీకి ఐదుకు నాలుగు, చేతి పనికి ఐదుకు ఒకటి. 25 వేలకు ఇది చాలదు.

మరి ఎన్ని సూదులు గుచ్చితే చాలు? అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఈ పనికి లైసెన్స్ తప్పనిసరి. అనుభవం లేనివాళ్లకు అక్కడ 40 గంటల క్లాసు, 40 గంటల ప్రాక్టికల్, కనీసం 50 సార్లు నిజం మనుషుల నరం నుంచి రక్తం తీయడం, 10 సార్లు వేలికి పొడిచి తీయడం ఉండాలి. మన దగ్గర ఆ రూల్ వర్తించదు. అయినా అడగడానికి ఒక కొలత దొరికింది కదా. కౌన్సెలింగ్‌కు వెళ్లినప్పుడు ఏసీ, ప్రొజెక్టర్ చూడకండి. "నా చేత్తో ఎన్ని నిజం శాంపిళ్లు తీయిస్తారు, పక్కన ఎవరు నిలబడతారు, ఆ లెక్క ఏ పుస్తకంలో రాస్తారు?" అని అడగండి. నంబర్ చెప్పకుండా "చాలా ఉంటాయి మేడమ్" అంటే లేచి రండి.

ఇప్పుడు రెండో దారి, వాళ్లే మనకు డబ్బిచ్చి నేర్పడం. ఇది ఉత్తి మాట కాదు. పెద్ద డయాగ్నొస్టిక్ ల్యాబులు, కార్పొరేట్ ఆసుపత్రులు ట్రైనీలుగా తీసుకుంటాయి. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, 2016లో మొదలైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకంతో ఇందులో స్టైపెండ్ వస్తుంది. 2019 సవరణలో చదువును బట్టి నెలకు కనీసం 5000 నుంచి 9000 వరకు పెట్టారు. అందులో నాలుగో వంతు, గరిష్ఠంగా 1500, కేంద్రం భరిస్తుంది. ఇందులో చేరితే కాంట్రాక్టు అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో నమోదు కావాలి. అందుకే ల్యాబ్‌వాళ్లు "స్టైపెండ్ ఇస్తాం" అంటే వెంటనే అడగాల్సింది "పోర్టల్‌లో నమోదు చేస్తారా? స్టైపెండ్ బ్యాంకు ఖాతాలో వేస్తారా?" అని.

ఒకచోట మా ఆడబిడ్డ కూతురికి ఏం చెప్పారో వినండి. ముందు 15 వేలు డిపాజిట్ కడితే, నెలకు 2500 చొప్పున ఆరు నెలలు స్టైపెండ్ ఇస్తారట. లెక్క వేసుకోండి. మన డబ్బే మనకు వాయిదాల్లో ఇస్తూ, ఆరు నెలలు ఊరికే పని చేయించుకుంటారు! ఇంకొన్ని చోట్ల రెండేళ్ల బాండ్, ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టమంటారు. జిరాక్స్ ఇవ్వండి, ఒరిజినల్ చూపించి వెనక్కి తెచ్చుకోండి. టెన్త్ మెమో వాళ్ల బీరువాలో ఉంటే రేపు వేరే ఉద్యోగానికి కదల్లేరు.

ఉచితంగా కూడా ఒక దారి ఉంది. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో హెల్త్‌కేర్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ ఉద్యోగాల జాబితాలో ఫ్లెబాటమిస్ట్ కూడా ఉంది. బ్యాచ్‌లు ఎప్పుడూ నడుస్తూ ఉండవు. మీ జిల్లాలో ఇప్పుడు బ్యాచ్ ఉందో లేదో చూసుకున్నాకే ప్రైవేటుకు డబ్బు కట్టండి.

గవర్నమెంట్ జాబ్ ఆశతో చేరేవాళ్లు ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. 2024 సెప్టెంబరులో తెలంగాణలో 1284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. దానికి మూడు నెలల సర్టిఫికెట్ పనికిరాదు. పారామెడికల్ బోర్డు రెండేళ్ల డీఎంఎల్‌టీ లాంటి చదువు, బోర్డులో రిజిస్ట్రేషన్ ఉండాలి. "ఇది చేస్తే వరంగల్ ఎంజీఎం గవర్నమెంట్ ఆసుపత్రిలో టెక్నీషియన్ పోస్టు" అని ఎవరన్నా చెబితే నమ్మకండి. ఇంట్లో రెండేళ్లు ఆగగలిగితే డీఎంఎల్‌టీకే వెళ్లండి, నా ఓటు దానికే. ఆగలేని పరిస్థితి ఉంటే స్టైపెండ్ దారి. ఫీజు కోర్సు మూడోది.

ఉద్యోగం ఎలా ఉంటుందంటే, కొత్తవాళ్లకు ఎక్కువగా దొరికేది హోమ్ కలెక్షన్. పొద్దున ఆరింటికి బండి తీయాలి, ఎందుకంటే ఫాస్టింగ్ పేషెంట్ టీ కూడా తాగకుండా గుమ్మంలో నిలబడి ఉంటాడు. కాజీపేటలో ఒకరు, హంటర్ రోడ్డులో ఒకరు, మళ్లీ తిన్నాక రెండు గంటలకు అదే ఇంటికి. బండి మీదేనా, పెట్రోల్ ఎవరిది, ఆడపిల్లలైతే తెలియని ఇళ్లకు ఒంటరిగా పంపుతారా, ముందే తేల్చుకోండి. జీతం కాగితం మీద ఎంతున్నా పెట్రోల్ మీదే అయితే మిగిలేది వేరు.

సూది మీకు గుచ్చుకోవడం గురించి ఏ పాంప్లెట్‌లోనూ ఉండదు. చేరకముందే హెపటైటిస్ బి టీకా మొదలుపెట్టండి, మూడు డోసులు: మొదటి రోజు, నెలకు, ఆరు నెలలకు. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు. చాలా పొడుపులు అక్కడే పడతాయి. గుచ్చుకుంటే పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, సబ్బు నీళ్లతో కడిగి వెంటనే పై వాళ్లకు చెప్పండి. హెచ్ఐవీ రాకుండా ఇచ్చే మందులు గంటల్లోనే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు. "ఎవరికన్నా చెబితే ఉద్యోగం పోతుంది" అని దాచిపెట్టే పిల్లలను చూశాను. అలా భయపెట్టే ల్యాబ్ అయితే స్టైపెండ్ ఎంతిచ్చినా వద్దు.

చివరిగా, అందరూ అడిగేది: "అక్కా, నాకు రక్తం చూస్తే కళ్లు తిరుగుతాయి, చేరొచ్చా?" చేరండి. చాలామందికి కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. నిజానికి పడిపోయేది ఎక్కువగా పేషెంట్లే, అందులోనూ బాగా కండలు తిరిగిన కుర్రాళ్లు. సూది గుచ్చకముందే "ఎప్పుడన్నా రక్తం ఇస్తే కళ్లు తిరిగాయా?" అని అడగండి. అవునంటే స్టూల్ మీద కూర్చోబెట్టకుండా బెడ్ మీద పడుకోబెట్టి తీయండి. ట్యూబుల వరుస మీద వీడియో వచ్చే వారం పెడతాను. ఉంటాను.