పస్రా దాటినంక ఫోన్ ఏం చెప్తది? తాడ్వాయి అడవి రోడ్డు మీద నావిగేషన్ యాప్‌ల రివ్యూ

నమస్తే అందరికీ. ఇగో, ముందుగాల ఈ అద్దం చూడండి. మా బావ బైక్ అద్దం ఇది. పోయిన మక్కల సీజన్ల నర్సంపేట దిక్కు నుంచి రాత్రి వస్తుంటే అడవి పంది అడ్డం ఉరికొచ్చింది. అద్దం ఇట్ల పగిలింది. బావకు భుజం బొక్క విరిగి మూడు నెలలు పొలం మొఖం చూడలే. పంది అక్కడ్నే రోడ్డు పక్కకు పడి సచ్చిపోయింది. ఆ రాత్రి బావ ఫోన్ల మ్యాప్ నడుస్తనే ఉన్నది. ఎక్కడ ఎడమకు తిరగాలె, ఎక్కడ కుడికి తిరగాలె అన్నీ చెప్పిన ఫోను, ఆ మక్క చేన్ల పక్క నుంచి పోయేటప్పుడు ఒక్క ముక్క చెప్పలే.

అప్పటిసంది నాకు ఇదే పట్టుకున్నది. స్పీడ్ బ్రేకర్ ఉన్నదని చెప్పే యాప్, జంతువులు దాటే జాగ ఉన్నదని ఎందుకు చెప్పదు? అందుకే బావనే పక్కన కూసోబెట్టుకొని, రెండు ఫోన్లు డ్యాష్‌బోర్డు మీద పెట్టి, హన్మకొండ నుంచి ఏటూరునాగారం దాకా చలికాలం పొద్దుగూకే టైంకు పోయిన.

ముందు ఏ యాప్‌ల ఏమున్నదో చెప్త. గూగుల్ మ్యాప్స్‌ల మనం రిపోర్ట్ చేయొచ్చు: యాక్సిడెంట్, ట్రాఫిక్ జామ్, రోడ్డు పనులు, రోడ్డు మీద అడ్డం పడ్డ వస్తువు, ఇట్లాంటివి. జంతువు అని సెపరేటుగ ఏం లేదు, ఈ వీడియో చేసేటప్పటికైతే నాకు కనపడలే. వేజ్ అని ఇంకో యాప్ ఉన్నది. ఇజ్రాయెల్‌ల పుట్టింది, 2013ల గూగుల్ కొన్నది. దాంట్ల రోడ్డు మీది ప్రమాదాలు రిపోర్ట్ చేసే జాగల జంతువులకు కూడ చోటు పెట్టిండ్రు. ఒకరు రిపోర్ట్ చేస్తే వెనక వచ్చేటోళ్లకు కనపడతది, వాళ్లు "ఉన్నది" అనో "లేదు" అనో నొక్కుతరు. మన దేశపుది మ్యాపుల్స్, మ్యాప్‌మైఇండియా వాళ్లది. స్పీడ్ బ్రేకర్లు, గుంతలు, డేంజర్ మూలమలుపులు ముందే చెప్పడం దాని గొప్ప.

ఇప్పుడు రోడ్డు సంగతి. నేను ఏ ఫోన్ల ఏ యాప్ పెట్టిన్నో పేరు చెప్పను. ఒక్క రాత్రి తిరిగొచ్చి తీర్పు చెప్పడం న్యాయం కాదు. ఆత్మకూరు, కటాక్షపూర్ చెరువు, మల్లంపల్లి, ములుగు దాకా రెండు యాప్‌లూ మంచిగ చెప్పినయి. ములుగు దాటి గోవిందరావుపేట, పస్రా. పస్రా దాటంగనే టేకు చెట్లు రెండు దిక్కుల నుంచి దగ్గరికొస్తయి. ఇది ఏటూరునాగారం అభయారణ్యం దిక్కు, 1953ల ప్రకటించిన అడవి. దాని నడుమ నుంచే ఎన్‌హెచ్ 163 పోతది. సరిగ్గ అక్కడ్నే ఫోన్ల సిగ్నల్ గీతలు ఒక్కొక్కటి పడిపోయినయి.

ఇక్కడ ఒకటి అర్థం చేసుకోవాలె. సిగ్నల్ పోయినా మ్యాప్ మీద బాణం కదుల్తనే ఉంటది, ఎందుకంటే జీపీఎస్ సాటిలైట్ నుంచి వస్తది, దానికి నెట్ అక్కర్లేదు. రూటు ముందే ఫోన్లకు దిగి ఉంటది. గని ముందల పోయినోడు ఏం చూసిండో మనకు చేరాలంటే నెట్ కావాలె. వాడు రిపోర్ట్ పంపనీకి కూడ నెట్ కావాలె. అంటే జంతువులు ఎక్కువ ఉన్న జాగల, జంతువుల గురించిన అలర్ట్‌కే తొవ్వ లేదు. బాణం నడుస్తున్నది కదా, అన్నీ పనిచేస్తున్నయి అని మనం నమ్ముతం. అదే భయం నాకు.

తాడ్వాయి ఇంకా రాలే. నేను యాభైల పోతున్న. ఎడమ దిక్కు గడ్డిల రెండు పచ్చటి చుక్కలు మెరిసి ఆరిపోయినయి. బ్రేక్ మీద కాలు పెట్టిన. దుప్పి. ఒక్క దూకుల రోడ్డు దాటింది. నేను మళ్ల యాక్సిలేటర్ తొక్కబోతుంటే బావ నా చెయ్యి పట్టుకున్నడు. "ఆగు బావా, ఎనక ఇంకోటుంటది" అన్నడు. ఆపిన. నిజంగనే ఇంకోటి వచ్చింది, దాని ఎనక పిల్ల. ఆ పిల్ల తారు మీద కాలు పెట్టంగనే గిట్టలు జారినయి. ముందటి కాళ్లు రెండు పక్కలకు పోయినయి, లైట్ల వెలుగుల దాని వీపు మీది తెల్ల చుక్కలు వణుకుతున్నయి. మా బంపర్‌కు నాలుగు గజాలు కూడ లేదు. లైట్లు డిమ్ చేసినంక లేచి, కుంటుకుంట తల్లి పోయిన దిక్కే పోయింది. రెండు ఫోన్ల మీద నీలం గీత సక్కగ ఉన్నది, అంతే. ఒక్క అలర్ట్ రాలే.

లెక్క చెప్త వినండి. గంటకు 80 స్పీడుల పోతే సెకనుకు 22 మీటర్లు పోతం. చూసి, కాలు బ్రేక్ మీదికి రానీకి సెకనున్నర అనుకుందాం, 33 మీటర్లు అయిపోయినయి. అప్పుడు బ్రేక్ పడితే పొడి రోడ్డు మీద ఇంకో 35. మొత్తం దగ్గర దగ్గర 70 మీటర్లు. డిమ్ లైట్ల మనకు మంచిగ కనపడేది అంత దూరం ఉండదు. అదే 50ల పోతే 35 మీటర్లల్ల ఆగుతం. ఆ రాత్రి దుప్పి పిల్లను బతికించింది ఇదే, ఇంకోటి బావ చెయ్యి.

తాడ్వాయిల ఛాయ్ తాగుతుంటే ఒక ఆర్టీసీ డ్రైవరన్న కలిసిండు, ఏండ్ల సంది ఈ రూట్లనే తోలుతున్నడు. ఆయన నోట్ల ఉన్న మ్యాప్ ఏ యాప్‌ల లేదు. ఎండకాలం వాగులు ఎండితే నీళ్ల కోసం ఏ మలుపు కాడ దాటుతయి, ఇప్పపూలు రాలే రోజులల్ల ఎలుగు తెల్లారుజామున ఎక్కడ తిరుగుతది, మక్క కంకి పాలు పోసుకునే టైంకు పందులు ఏ ఊరి దాపున గుంపులు గుంపులుగ వస్తయి, అన్నీ నెలతోని, గంటతోని చెప్పిండు. కోతుల గురించి అడిగితే ఆయన మొఖం మారింది. మేడారం పోయేటోళ్లు కార్ల నుంచి అరటిపండ్లు, అన్నం ప్యాకెట్లు ఇసిరి ఇసిరి వాటిని రోడ్డు మీదికి అలవాటు చేసిండ్రని చెప్పిండు. దయచేసి ఇసరకండి. మీరు పుణ్యం అనుకొని పెట్టిన పండు కోసం వచ్చిన కోతిని ఎనక వచ్చే లారీ తొక్కుతది.

ఆయన మాటలు విన్నంక నా ఆలోచనే మారింది. నేను అడగాల్సింది "ఇక్కడ పది నిమిషాల కింద జింక కనపడింది" అనే అలర్ట్ కాదు. యాక్సిడెంటైన లారీ అక్కడ్నే ఉంటది, జింక ఉండదు. మనం పోయేసరికి అది అడవిల ఉంటది, ఇంకో జాగల ఇంకోటి దాటుతుంటది. నాకు కావాల్సింది, "పస్రా నుంచి తాడ్వాయి దాకా అడవి, ఇప్పుడు రాత్రి, 50 దాటకండి" అని తెలుగుల చెప్పే గొంతు. దానికి నెట్ కూడ అక్కర్లేదు. స్పీడ్ బ్రేకర్ లెక్కనే ఆ రోడ్డు ముక్కను మ్యాప్‌ల పెట్టి, గంటలు, నెలలు జోడిస్తే చాలు. అభయారణ్యం హద్దులు ఫారెస్టోళ్ల దగ్గర ఉన్నయి, గంటలు ఈ డ్రైవరన్న లాంటోళ్ల దగ్గర ఉన్నయి. రెండు కలిపేటోళ్లే లేరు.

ఇంకో కారణం కూడ ఉన్నది. జంతువు ఉన్న చోటును పిన్ను పెట్టి అందరికీ చూపిస్తే, ఉచ్చులు పెట్టేటోడు, కరెంటు తీగ పరిచేటోడు కూడ చూస్తడు. కవ్వాల్ దిక్కు, ఆసిఫాబాద్ దిక్కు పులులు తిరిగే తొవ్వలల్ల ఇది చాన డేంజర్. జీవాల ఫొటోలు పెట్టే ఐనాచురలిస్ట్‌ల ఆపదల ఉన్న జాతుల లొకేషన్‌ను కావాలనే మసకగ చూపిస్తరు, అసలు చోటు దొరకకుండ. నావిగేషన్ యాప్‌లకు కూడ ఇదే పద్ధతి కావాలె: రోడ్డు ముక్క చెప్పాలె, చెట్టు చెప్పొద్దు.

యాప్‌తోనే అన్నీ అయితయని నేను అంటలేను. ఇదే మన ఆదిలాబాద్ మీద నుంచి పోయే ఎన్‌హెచ్ 44, నాగపూర్ దాటినంక పెంచ్ అడవిల నుంచి పోతది. అక్కడ జంతువులు కింది నుంచి పోనీకి 9 కట్టడాలు కట్టిండ్రు. వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇండియా వాళ్లు కెమెరాలు పెట్టి చూస్తే 18 రకాల అడవి జంతువులు వాటి కింది నుంచి పోతున్నట్టు తేలింది, పులి కూడ. నల్లమల దిక్కు శ్రీశైలం రోడ్డును రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బంద్ పెడతరు. ఇవి గట్టి పనులు. అవి లేని మన రోడ్లకు అలర్టన్నా ఉండాలె కదా.

అప్పటిదాకా నేను చేస్తున్నది చెప్త, మీరూ చేయండి. బయల్దేరే ముందు ఇంట్ల వైఫై మీదనే ఆఫ్‌లైన్ మ్యాప్ దించుకోండి. గూగుల్ మ్యాప్స్‌ల రూటు పెట్టేటప్పుడు పస్రాను నడుమ ఒక స్టాప్ లెక్క కలపండి. అక్కడికి చేరంగనే "పస్రా చేరుకున్నారు" అని గొంతు చెప్తది. ఆ మాట వినపడంగనే స్పీడు 50కి దించుడు. తిరిగొచ్చేటప్పుడు తాడ్వాయిని స్టాప్ పెట్టుకోండి. చిన్న ఉపాయమే, గని నెల రోజుల సంది నాకు మంచిగ పనిచేస్తున్నది. స్పీడోమీటర్ కూడ సెట్టింగ్స్‌ల ఆన్ చేయండి. రిపోర్ట్ చేసే పని పక్కన కూసున్నోళ్లకు అప్పజెప్పండి. బండి తోలుకుంట ఫోన్ చేతిల పట్టుకొని నొక్కుడు నేరం, నేరం కంటే ముందు ప్రాణం మీదికి వస్తది.

జంతువు దెబ్బ తగిలి పడి ఉంటే ముట్టుకోకండి, బండికి హజార్డ్ లైట్లు ఏసి దూరం నుంచి ఫారెస్టోళ్లకు చెప్పండి. నేషనల్ హైవే మీదైతే 1033, ఏ రోడ్డైనా 112. సచ్చిన దుప్పిని డిక్కీల ఏసుకపోవుడు 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

వచ్చే వీడియోల జన్నారం రోడ్డు, ఖానాపూర్ నుంచి లక్సెట్టిపేట దాకా. దానికి మీ సాయం కావాలె. ఆ రూట్ల, ఈ రూట్ల తిరిగే డ్రైవరన్నలు, పాలు పోసే తమ్ముళ్లు, పొద్దున్నే స్కూలుకు పోయే టీచరమ్మలు, మీరు చూసింది కింద రాయండి. ఏ ఊరికి ఏ ఊరికి నడుమ, ఏ నెల, ఏ గంట, ఏ జంతువు. నేను ఒక పట్టిక చేసి, మ్యాప్ కంపెనీలకూ, ఫారెస్టోళ్లకూ పంపిస్త. పులి గనక కనపడితే ఇక్కడ రాయకండి, దగ్గరి ఫారెస్ట్ ఆఫీసుల చెప్పండి.