సంతకం పడ్డాకే విమానం కదిలేది: ఒక కోనసీమ వాయుసైనికుడి జీవితం

[దృశ్యం: గౌతమీ పాయ, ఏటిగట్టు, కొబ్బరితోటలు]

వ్యాఖ్యానం: వాయుసేన అనగానే మనకు పైలట్ గుర్తుకొస్తాడు. కానీ ఏ స్క్వాడ్రన్‌లోనైనా, అంటే ఏ విమాన దళంలోనైనా, విమానం నడిపేవారికన్నా దాన్ని నేల మీద సిద్ధం చేసేవారే ఎక్కువ. కోనసీమలోని ఒక లంక గ్రామంలో పుట్టి, 1974లో వాయుసేనలో చేరి, బెంగళూరు జాలహళ్ళిలో సాంకేతిక శిక్షణ పొంది, మిగ్-21 యుద్ధవిమానాలకు ఇంజన్ ఫిట్టరుగా ఇరవై ఏళ్ళు పనిచేసి, సార్జెంటు హోదాలో పదవీ విరమణ చేసిన ఒక పెద్దాయన కథ ఇది. పేరు చెప్పవద్దని కోరారు కనుక ఊరంతా పిలిచినట్టే మనమూ ఆయన్ను మిలట్రీ బాబాయిగారు అనే అందాం.

[దృశ్యం: మిగ్-21 ముక్కు భాగం, దగ్గరగా]

మిగ్-21కు గాలి లోపలికి వెళ్ళే మార్గం ముక్కులోనే ఉంటుంది. ఇంజన్ తిరుగుతున్నప్పుడు రన్‌వే మీది చిన్న గులకరాయి లోపలికి వెళ్ళినా, గాలిని నొక్కి పంపే కంప్రెసర్ బ్లేడ్లు దెబ్బతింటాయి. అందుకే సిబ్బంది వరుసగా నిలబడి, తల వంచుకుని, నేలను వెదుకుతూ నడుస్తారు. పనిముట్లకూ ఇదే కట్టుబాటు: పని ముగిశాక ఒక్క స్క్రూడ్రైవరు లెక్క తేలకపోయినా, అది దొరికేదాకా ఆ విమానం ఎగరదు. చేసిన ప్రతి పనినీ ఫారం 700 అనే రికార్డులో రాసి, చేసినవారు సంతకం పెట్టాలి. దాన్ని చదివి పైలట్ తన సంతకం పెట్టిన తరువాతే విమానం అతని చేతికి వస్తుంది. మరొకరి ప్రాణానికి కాగితం మీద పూచీ పడే ఉద్యోగాలు మన చుట్టూ ఎన్ని ఉన్నాయో ఒకసారి ఆలోచించండి.

[దృశ్యం: వరద గోదావరి]

కుటుంబం బాధ్యత మాత్రం చాలా ఏళ్ళు ఆయన భార్య మీదే ఉంది. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర గోదావరి సుమారు 35 లక్షల క్యూసెక్కులతో ప్రవహించి, గట్లు తెగి, లంకలు మునిగినప్పుడు, ఆమె ఇద్దరు పిల్లలతో బడి డాబా మీద తలదాచుకున్నారు. ఆయన సరిహద్దు దగ్గరి స్థావరంలో రేడియో వార్తలు వింటున్నారు. ఊళ్ళో ఫోను లేదు. హెలికాప్టర్లు పులిహోర పొట్లాలు జారవిడిచాయి, వాటిలో కొన్ని నీళ్ళలో పడ్డాయి. సెలవు దొరికి ఆయన ఇల్లు చేరేసరికి నీరు తీసేసింది. ఒండ్రు ఎత్తించడం, తడిసిన ధాన్యం ఆరబోయించడం, నష్టపరిహారం జాబితాలో పేరు రాయించడం అన్నీ ఆమే పూర్తిచేశారు. ఆయన పిల్లలను అడిగిన మొదటి ప్రశ్న, వచ్చింది ఏ రకం హెలికాప్టరు అని! ఆ మాటకు ఆమె ఇప్పటికీ దెప్పిపొడుస్తూనే ఉంటారు, అందులో న్యాయం ఉంది కూడా.

[దృశ్యం: ఇంటి అరుగు, టీవీ]

1994లో తిరిగివచ్చాక అమలాపురంలో ఒక బ్యాంకులో గార్డుగా చేశారు, కొబ్బరితోట చూసుకున్నారు, పిల్లల పెళ్ళిళ్ళు చేశారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వాయుసేన వీడ్కోలు పలికినప్పుడు దంపతులిద్దరూ టీవీ ముందే ఉన్నారు. ఆయన ఇంజన్ శబ్దం వినాలని సౌండు పెంచుతుంటే, ఆవిడ తగ్గించమన్నారు.

[దృశ్యం: ఏటిగట్టు మీద పరుగెత్తుతున్న కుర్రాళ్ళు]

డెల్టా అంచున, తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరానికి మిలటరీ మాధవరం అనే పేరుంది. సైన్యంలో చేరాలనే కోరిక ఈ ప్రాంతానికి కొత్త కాదు. సలహా కోసం వచ్చే కుర్రాళ్ళకు బాబాయిగారు ముందుగా చెప్పేది, తాను గడిపిన ఉద్యోగజీవితం ఇప్పుడు అలాగే దొరకదని. 2022లో మొదలైన అగ్నిపథ్ పథకంలో సర్వీసు నాలుగేళ్ళు. ఆ తరువాత కొనసాగేది గరిష్ఠంగా 25 శాతం మంది. మిగిలినవారికి సేవానిధి పేరుతో సుమారు 11.7 లక్షల రూపాయలు ఒకేసారి అందుతాయి, పెన్షను ఉండదు. ఇంటర్ మధ్యలో వదిలేసి పరుగు సాధన మొదలుపెట్టే కుర్రాళ్ళను చూస్తే ఆయనకు భయం. ముందు పాలిటెక్నిక్ పూర్తిచేయండిరా అని ఆవిడ వంటింట్లోంచే కేకేస్తారు. ఇంజనీరింగు డిప్లొమా ఉన్నవారూ, మార్కుల నిబంధనకు లోబడి, వాయుసేన పరీక్షకు అర్హులే కాబట్టి, ఈ విషయంలో ఆయన ఓటు ఆవిడకే.