సంచి పట్టుకుని నిలబడేవాడి మాట

వేదిక మీది పెద్దలకు, కింద కూర్చున్న పెద్దలకు, వెనక టీ తాగుతూ నిలబడ్డ కుర్రాళ్ళకు నమస్కారం. శాలువాలు కప్పేటప్పుడే పేర్లన్నీ చదివేశారు, నేను మళ్ళీ చదవను. నాకిచ్చిన అంశం ‘రేసుకెళ్ళేవాళ్ళకి ఇంట్లోవాళ్ళు ఎలా తోడుండాలి’. పది నిమిషాలన్నారు. చూద్దాం.

మా ఆవిడ సైకిల్ రేసుల్లో తొక్కుతుంది. నేను తొక్కను. ఆదివారాలు మన క్లబ్బువాళ్ళంతా నెల్లూరు నుంచి మైపాడు దాకా పోయొస్తుంటే వెనక కారులో వచ్చేది నేనే. ట్రంకురోడ్డులో టీ కొట్టు దగ్గర అడుగుతుంటారు, ‘ఏందినా, నువ్వు ఆమె సంచి మోస్తావంట గదా’ అని. మోస్తా. అందులో ట్యూబులు, పంపు, అరటిపళ్ళు, గింజ తీసిన ఖర్జూరం, ఓఆర్ఎస్ పొట్లాలు, పిన్నీసులు ఉంటాయి. పిన్నీసులంటే నవ్వుతున్నారు గానీ, వీపు మీద నంబరు గుడ్డ ఒక మూల ఊడితే అది గాలికి కొట్టుకునే చప్పుడుకే తొక్కేవాళ్ళకి పిచ్చెక్కుతుంది.

అన్నిట్లోకీ కష్టమైన పని సీసా అందించడం. మూత దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుని, కింది భాగమంతా ఆమె చేతికి వదిలెయ్యాలి. గంటకి ముప్పై కిలోమీటర్ల పైన వస్తున్న మనిషికి ఎదురుగా చాపితే సీసా ఎగిరి పంట కాలవలో పడుతుంది. చెయ్యి చాపి, ఆమె వెళ్ళే వైపే మనమూ నాలుగు అడుగులు పరుగెత్తాలి. ఆమె అందుకోగానే వదిలెయ్యాలి, పట్టు బిగిస్తే ఇద్దరూ రోడ్డు మీదే. కావాలంటే ఇంటి ముందు స్కూటర్ మీద ఎవరినన్నా రమ్మని ప్రాక్టీస్ చెయ్యండి, నేనట్టాగే చేశా, వీధంతా చూసింది.

మొన్న చెన్నై అవతల ఈసీఆర్ మీద, అంటే సముద్రం పక్కనే పోయే రోడ్డు మీద, శని, ఆదివారాలు రేసులు. శనివారం టైమ్ ట్రయల్. నిమిషానికొకరిని వదులుతారు, ఎవరి వెనకా నక్కి తొక్కకూడదు, గాలి మొత్తం ఒంటి మీదే పడుతుంది. అప్పుడు మనం చేసేది ఏమీ లేదు, టెన్షన్ పడటం తప్ప. మొదలయ్యే ముందు ‘బాగా తొక్కు’ అని కూడా అనొద్దు. ఊరుకోవడమే సాయం.

ఇక ఆదివారం సంగతి. అసలు ఈ మాట చెప్పడానికే మైకు పట్టుకున్నా, అంశం సంగతి తర్వాత.

ఆడవాళ్ళ రేసు ఏడింటికని కాగితంలో ఉంది. ముందు కుర్రాళ్ళది, తర్వాత నలభై దాటినోళ్ళది, ఆ తర్వాత ఇంకెవరిదో. ఆడవాళ్ళని వదిలేసరికి పది దాటింది. సముద్రం గాలి లేచింది. సగం దూరం పోయేసరికి రోడ్డు తెరిచేశారు, షేర్ ఆటోలు, చేపల లారీలు అన్నీ వాళ్ళ మధ్యలోనే. నీళ్ళిచ్చే చోట షామియానా విప్పేసి కుర్చీలు వ్యానులో పేర్చుకుంటున్నారు. ‘ఇంకా వస్తున్నారు గదయ్యా’ అంటే, ‘ఆడవాళ్ళు కొద్దిమందే కదా సార్’ అన్నాడొకాయన. కొద్దిమందికి దాహం వెయ్యదా?

రాత్రి లాడ్జి ఫ్రిజ్‌లో సగం గడ్డ కట్టించిన సీసాలు నా దగ్గరున్నాయి. ఎవరు చెయ్యి చాపితే వాళ్ళకిచ్చా. ఒక అమ్మాయి నా చేతిలో సీసా తీసుకుని పోయి, చివర్లో మా ఆవిడ కంటే ముందు గీత దాటింది. నెల్లూరు దాకా కారులో మాటల్లేవు. నాయుడుపేట దగ్గర కాఫీకి ఆపితే మటుకు, ‘నా సీసా తాగి నన్నే కొట్టింది’ అంది. మూడో వరసలో కూర్చుని ఇప్పుడు కూడా నన్ను అట్టాగే చూస్తోంది, చూడండి. ఈసారీ ఇస్తానమ్మా, ఇచ్చి తీరతా.

ఒలింపిక్స్‌లో మగవాళ్ళ సైకిల్ రేసులు 1896 నుంచే ఉన్నాయి. ఆడవాళ్ళకి మొదటిసారి దారిచ్చింది 1984లో, లాస్ ఏంజెల్స్‌లో. మొన్న 2024లో పారిస్ టైమ్ ట్రయల్‌కి వచ్చేసరికి ఇద్దరిదీ ఒకే దారి, 32.4 కిలోమీటర్లు. అంత పెద్ద సభ మారడానికి అంతకాలం పట్టింది, మనకి ఒక్క మీటింగ్ చాలు. సారా మీద లేచి మాట్లాడిన దూబగుంట ఆడవాళ్ళ జిల్లా ఇది, ఇక్కడ కూడా ఆడపిల్లల్ని ఎండలో ఆఖరున నిలబెడతామా?

మన క్లబ్బు రేసు మైపాడు రోడ్డు మీద, కోతలు మొదలై వడ్లు ఆరబోసేలోపే పెడదామంటున్నారు. సంతోషం. ఆడవాళ్ళని ముందు వదలండి, పొద్దున ఆరింటికి. ఆఖరి మనిషి దాటేదాకా నీళ్ళ టేబుల్ కదలకూడదు, రోడ్డు మీద మన మనుషులు ఉండాలి. ప్రైజ్ డబ్బు ఇద్దరికీ ఒకటే. చందాలు తక్కువంటారా, ఈ శాలువాల ఖర్చు మిగుల్చుకోండి, నాది కూడా తిరిగిచ్చేస్తా. సీసాలు పట్టుకోవడానికి నేనొస్తా, మీలో భర్తలు ఎవరొస్తారో ఇప్పుడే చేతులెత్తండి.

నాలుగే కనిపిస్తున్నాయి. వెనక కుర్రాళ్ళూ, మీరు కూడా ఎత్తచ్చు, పెళ్ళి కాకపోయినా పర్లేదు. కార్యదర్శి గారూ, ఆరింటికేనా, కాదా? అది చెప్పాకే భోజనాలు.